ఫ్లైవీలు చాటున కారే చమురు



ఈ పూట విత్తనాల సంగతి గాని, ఎరువుల సంగతి గాని చెప్పబోవడం లేదు. పాత ట్రాక్టరులో ఫ్లైవీలు వెనుక, ఎవరి కంటికీ కనబడని చోట ఉండే ఆయిల్ సీలును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇది మెకానిక్కు పని, మనకెందుకు అని మీరనవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందువల్ల ఒక రైతుకు పది రోజుల దమ్ము పని, ఒక కొత్త క్లచ్ ప్లేటు ఖరీదు నష్టమైనాయి. ఆ నష్టంలో నా మాటకు కూడా పాలు ఉంది. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాను.

నేను విశాఖపట్నంలో సీతమ్మధారలో ఉంటాను. మన రాష్ట్రంలో 1999లో రైతు బజార్లు మొదలైన సంగతి మీకు తెలుసు. సీతమ్మధారలోనూ ఒక రైతు బజారు ఉంది. ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకొని అక్కడికి వెళ్తే కూరగాయలతోపాటు సేద్యపు కబుర్లు కూడా దొరుకుతాయి. పద్మనాభం వైపు నుంచి వంకాయలు, బెండకాయలు తెచ్చే ఒక పెద్దాయన అక్కడే నాకు పరిచయం. నేను ఆయనను బాబాయి అంటాను. ఆయన నన్ను బాబూ అంటాడు. కూరగాయలతోపాటు వరి కూడా సాగు చేస్తాడు. ఆయన దగ్గర మూడు సిలిండర్ల పాత ట్రాక్టరు ఒకటి ఉంది. దానికి ఆయన పెద్దకొడుకు వయస్సుంటుంది.

రెండేళ్ల కిందట జూన్ నెలలో బాబాయి నాతో అన్నాడు: "ఏటి సేద్దుం బాబూ, ఇంజను గట్టిగానే అరుస్తంది. బండి మాత్రం ముందుకు లాగదు. దుక్కిలో నాగలి దిగితే సాలు, నిలబడిపోతంది."

నేను పెద్ద తెలిసినవాడిలాగ, "క్లచ్ ప్లేటు అరిగిపోయింది బాబాయ్, మార్పించెయ్యి" అన్నాను. ఆయన నా మాట నమ్మి మెకానిక్కును పిలిచి ట్రాక్టరును విడదీయించి కొత్త ప్లేటు వేయించాడు. జూలై ఆఖరులో వానలు పడి, నారు ముదిరి, మడి దమ్ము చేసే వేళకు ట్రాక్టరు మళ్లీ జారడం మొదలుపెట్టింది. అప్పుడు గాని నేను ఆయన ఊరు వెళ్లలేదు. వెళ్లి ట్రాక్టరు కింద పడుకొని చూస్తే, ఇంజనుకు గేర్ బాక్సుకు నడుమనున్న క్లచ్ హౌసింగు అడుగు చిల్లులో నుంచి నల్లటి చమురు బొట్టు బొట్టుగా రాలుతోంది. కొత్త ప్లేటు అరగలేదు. నూనెలో నాని జారుతోంది. పాత ప్లేటుకు పట్టిన జబ్బు కూడా ఇదే అయి ఉండాలి. నేను జబ్బు చూడకుండా మందు చెప్పాను.

ఇప్పుడు ఆ చోట ఏముంటుందో చూద్దాం. ఇంజను లోపల పిస్టన్లు తిప్పే పెద్ద ఇరుసును క్రాంకుషాఫ్టు అంటారు. దాని వెనుక కొసకు బోల్టులతో బిగించిన బరువైన ఇనుప చక్రమే ఫ్లైవీలు. పిస్టన్ల తోపు ఒకేలాగ ఉండదు, విడతలు విడతలుగా వస్తుంది. ఒక తోపుకు మరొక తోపుకు మధ్య ఇంజను తడబడకుండా ఈ చక్రం తన బరువుతో తిరుగుడును నిలబెడుతుంది. క్లచ్ ప్లేటు దీని ముఖానికే ఒత్తుకొని ఇంజను బలాన్ని గేర్ బాక్సుకు అందిస్తుంది. క్రాంకుషాఫ్టు బేరింగుల నిండా చమురు ఉంటుంది. షాఫ్టు ఇంజను గోడ దాటి బయటికి వచ్చే చోట ఆ చమురు షాఫ్టు వెంబడి బయటికి రాకుండా ఆపేది ఆయిల్ సీలు. సీలు పాడైతే చమురు ఫ్లైవీలు మీదికి, అక్కడినుంచి క్లచ్ ప్లేటు మీదికి చిమ్ముతుంది. మడిలో అయితే పని ఆగుతుంది. ట్రాలీ నిండా బస్తాలతో, మనుషులతో గట్టు ఎక్కేటప్పుడు క్లచ్ జారితే, బండి వెనక్కి దొర్లి ప్రాణం మీదికి వస్తుంది.

క్లచ్ హౌసింగు చిల్లులో చమురు కనబడగానే సీలు పోయిందని తీర్మానించకండి. విప్పక ముందు ఇంటి దగ్గర మీరే చేసుకోదగిన పరీక్షలు నాలుగున్నాయి.

మొదటిది, కారుతున్నది ఏ చమురో తేల్చుకోవాలి. తెల్లగుడ్డ పీలిక మీద కారిన చమురు ఒక చుక్క, ఇంజను డిప్ స్టిక్కు నుంచి ఒక చుక్క, గేర్ బాక్సు నుంచి ఒక చుక్క పక్కపక్కన వేసి చూడండి. డీజిలు ఇంజను చమురు మసిపట్టి నల్లగా ఉంటుంది. గేర్ బాక్సు నూనె సాధారణంగా తేనె రంగులో ఉంటుంది, వాసన కూడా వేరు. గేర్ నూనె కారుతుంటే దోషం ఇంజను సీలుది కాదు, గేర్ బాక్సు ముందువైపు సీలుది. ఇక్కడ తేడా పడితే ఖర్చంతా వృథా.

రెండవది, పైనుంచి దిగుతున్నదేమో చూడాలి. తలమీది రాకరు మూత ప్యాకింగు పాడైతే చమురు ఇంజను వీపు వెంబడి జారి, చివరకు అదే చిల్లు దగ్గర తేలుతుంది. ఇంజను వీపంతా శుభ్రంగా తుడిచి, ఆరిన తర్వాత ముగ్గుపిండి చల్లండి. ఇంజనును పావుగంట నడిపి ఆపి చూడండి. పిండి ఎక్కడ తడిసి చారికట్టిందో కారుపు అక్కడినుంచే. ఈ పరీక్షకు కానీ ఖర్చు లేదు.

మూడవది, చమురు మట్టం చూడాలి. ట్రాక్టరును సమతలంగా నిలిపి, ఇంజను ఆపి కొంతసేపు ఆగి, డిప్ స్టిక్కు చూడండి. పై గీత దాటి చమురు పోసే అలవాటు కొందరికి ఉన్నది. ఎక్కువ పోస్తే ఇంజనుకు మేలు అనుకోవడం పొరపాటు. ఎక్కువైన చమురును తిరిగే షాఫ్టు చిలికి సీలు మీదికి తోస్తుంది.

నాలుగవది, బ్రీదరు. ఇది ఇంజను ఊపిరి గొట్టం. పిస్టన్ల పక్కనుంచి కొంత పొగ చాంబరులోకి దిగడం సహజమే. ఆ పొగ బయటికి పోయే దారి ఈ గొట్టమే. బురద, గడ్డినుసి, మసి చేరి గొట్టం మూసుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి చమురును సీలు సందులో నుంచి వెళ్లగొడుతుంది. అటువంటప్పుడు ఎంత కొత్త సీలు వేసినా నిలవదు. బాబాయి ట్రాక్టరులో బ్రీదరు గొట్టం ఊడదీస్తే కంకర్లా గట్టిపడిన మడ్డి రాలింది. బ్రీదరు శుభ్రం చేసిన తరువాత కూడా చమురు మూత తీస్తే పొగ బుసబుస కొడుతూ ఉంటే, రింగులు అరిగినాయన్న మాట. ముందు ఇంజనుకు వైద్యం చేయాలి, తరువాతే సీలుకు.

ఈ సందర్భంలో మా సీతమ్మధారలోనే జరిగిన మరొక సంగతి చెబుతాను. మా వీధిలో ఒక రిటైరైన ఉద్యోగి పాత అంబాసిడర్ కారును ప్రాణంగా చూసుకుంటున్నారు. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయినా ఆయన మాత్రం దాన్ని వదలలేదు. దాని క్లచ్ దగ్గర కూడా చమురు కారితే, ఎవరో సీలు మార్చాలన్నారట. ఆ బండిది పాతరకం 1489 సి.సి. పెట్రోలు ఇంజను. ఆ ఇంజనులో వెనుక కొసన రబ్బరు సీలన్నదే లేదు. షాఫ్టు మీద మర చుట్టు వంటి గాడి కోసి ఉంటుంది. షాఫ్టు తిరుగుతుంటే ఆ గాడి చమురును లోపలికే తోడుతుంది. చమురు కారిందంటే బ్రీదరు మూసుకుని అయినా ఉండాలి, బేరింగు అరిగి అయినా ఉండాలి. బ్రీదరు గొట్టం కడిగించారు. కారుపు చాలావరకు తగ్గింది. లేని సీలుకు డబ్బు పోయవలసిన పని తప్పింది. కనుక మీ ఇంజనులో ఏ రకం సీలు ఉన్నదో ముందు తెలుసుకోండి.

ట్రాక్టర్ల సంగతి వస్తే, 1960లో మద్రాసులో ప్రారంభమైన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు మన పల్లెలకు ఎన్నో వచ్చాయి. వాటిలో సింప్సన్ వారు పెర్కిన్స్ నమూనాలో తయారు చేసిన మూడు సిలిండర్ల ఇంజన్లు ఉండేవి. ఆ కాలపు ఇంజన్లలో వెనుక సీలు తాడు రకం. రెండు అర్ధచంద్రాకారపు ఇనుప హౌసింగులు, వాటి గాడిలో నార తాడు. షాఫ్టు మీద సన్నని మర గాడి కూడా ఉంటుంది. దాని లోతు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లే. తాడు చమురును ఆపుతుంది, గాడి చమురును వెనక్కి పంపుతుంది. తరువాతి కాలపు ఇంజన్లలో గుండ్రటి రబ్బరు అంచు సీళ్లు వచ్చాయి.

ఇక విప్పే పని. ఈ పని మెకానిక్కుతోనే చేయించండి, కాని మీరు పక్కన ఉండండి. ప్రతి మెట్టులో ఏం జరగాలో తెలిసి ఉంటే అడగగలుగుతారు.

ట్రాక్టరును గట్టి, చదునైన నేల మీద నిలపాలి. బ్యాటరీ తీగ తీసివేయాలి. వెనుక చక్రాలకు ముందు వెనుకల దిమ్మలు పెట్టాలి. ముందు ఇరుసు నడుమ కీలు మీద ఊగుతుంది గదా, ఆ సందులో రెండు పక్కలా చెక్క మేకులు బిగించి తీరాలి. లేకపోతే విడదీసిన వెంటనే ఇంజను ఒక పక్కకు ఒరిగిపోతుంది. గేర్ బాక్సు కింద బలమైన ఇనుప స్టాండు ఉండాలి. జాకీ మీద మాత్రమే నిలిపి, ఇటికలు, రాళ్లు పేర్చి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. డీజిలు గొట్టాలు, తీగలు, స్టీరింగు రాడ్లు విడదీసిన తరువాత బోల్టులు తీసి, ముందు భాగాన్ని తిన్నగా ముందుకు దొర్లించాలి. అడ్డంగా లాగితే గేర్ బాక్సు షాఫ్టు బరువు మోసి క్లచ్చిని పాడు చేస్తుంది.

క్లచ్ కవరు మీద, ఫ్లైవీలు మీద కలిసేటట్టు రంగుతో గీత పెట్టుకోవాలి. కవరు బోల్టులను ఒక్కొక్కటి పూర్తిగా తీయకుండా, ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. చమురులో నానిన ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తారు కొందరు. వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. నానిన ప్లేటు మార్చవలసిందే. మరొక హెచ్చరిక. పాత క్లచ్ ప్లేట్లలోను, పాత తాడు సీళ్లలోను ఆస్బెస్టాస్ నార ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. గాలి గొట్టంతో ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారవేయండి. కొత్త తాడు ఆస్బెస్టాస్ లేనిదే అడిగి కొనండి.

ఇప్పుడు ఫ్లైవీలు. దానికి, షాఫ్టుకు కూడా గుర్తు పెట్టాలి. ఎందుకంటే దాని మీద ఇంజను టైమింగు గుర్తులుంటాయి. ఒక చిల్లు తేడాగా బిగిస్తే తరువాత ఆ గుర్తులు అబద్ధం చెబుతాయి. పళ్ల అంచుకు ఇనుప పట్టీ అడ్డం పెట్టి చక్రం తిరగకుండా ఆపి బోల్టులు వదులు చేయాలి. చక్రం పాతిక కిలోల బియ్యం బస్తా కంటే బరువే. బోల్టులన్నీ ఒకేసారి తీస్తే పాదాల మీద పడుతుంది. కనుక ఎదురెదురుగా రెండు బోల్టులు తీసి, ఆ చోట అదే మర గల పొడవాటి స్టడ్లు రెండు ఎక్కించాలి. తక్కిన బోల్టులు తీశాక చక్రం ఆ స్టడ్ల మీద నిలుస్తుంది. చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, ఇద్దరు మనుషులు పట్టి దింపుకోవాలి. పట్టేటప్పుడు వేళ్లు చక్రం వెనుకకు పోనివ్వకండి.

చక్రం తీశాక సీలు తీసే ముందు ఒక పరీక్ష ఉంది. షాఫ్టును ముందుకు వెనుకకు తోసి చూడాలి. ఆట ఎక్కువగా ఉంటే థ్రస్టు వాషర్లు అరిగినాయన్న మాట. అవి మార్చకుండా వేసిన సీలు ఎక్కువ కాలం నిలవదు.

తాడు సీలయితే రెండు హౌసింగులు ఊడదీసి, పాత తాడు లాగివేసి, గాడి శుభ్రం చేయాలి. షాఫ్టును గరుకు కాగితంతో గట్టిగా రుద్దకూడదు. ఆ సన్నని మర గాడి చెరిగిపోతే సీలులో సగం బలం పోయినట్టే. గుడ్డతో తుడిస్తే చాలు. కొత్త తాడు రెండు కొసలను ముందుగా ఒక్కొక్క అంగుళం మేర గాడిలో కూర్చి, ప్రతి కొసా హౌసింగు అంచు దాటి 0.25 నుంచి 0.50 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఒకటి రెండు పోస్టుకార్డుల మందం, పైకి ఉండేటట్టు చూడాలి. తరువాత మిగిలిన తాడును నడుమ నుంచి కొసలవైపు బొటనవేలితో ఒత్తుకుంటూ కూర్చాలి. నున్నటి గుండ్రటి కడ్డీతో దొర్లించి అణచాలి. పైకి ఉన్నది గదా అని కొసలు కోసివేయకండి. రెండు సగాలు కలిసినప్పుడు ఆ కొసలే ఒకదానినొకటి ఒత్తుకొని సందు మూస్తాయి. తాడు లోపలి ముఖానికి గ్రాఫైటు గ్రీజు పలచగా పూసి, హౌసింగు ముఖాలకు కొత్త ప్యాకింగు, జాయింటు పేస్టు వేసి, రెండు సగాలను షాఫ్టు చుట్టూ కలిపి, కలిపే స్క్రూలు పట్టించాలి. హౌసింగును షాఫ్టు మీద ఇటు అటు తిప్పి తాడు సర్దుకున్నదని చూశాక ఇంజనుకు బిగించాలి. చివరగా, కలిపే స్క్రూలను పూర్తిగా బిగించాలి.

రబ్బరు సీలయితే స్ప్రింగు ఉన్న అంచు ఇంజను లోపలివైపు ఉండాలి. తిరగేసి పెడితే మొదటి రోజే కారుతుంది. మామూలు రబ్బరు అంచుకు శుభ్రమైన చమురు రాయాలి. కొత్త రకం టెఫ్లాన్ అంచు సీళ్లను మాత్రం పొడిగానే ఎక్కించాలి. పొట్లం మీద రాసినది చదవండి. స్క్రూడ్రైవరుతో ఒక పక్క కొట్టి దింపకూడదు. సీలు వెడల్పున్న చెక్క దిమ్మ పెట్టి నాలుగు వైపులా సమంగా దింపాలి. పాత సీలు రాసుకొని షాఫ్టు మీద గోటికి తగిలేటంత గాడి పడితే, హౌసింగులో వీలున్నంత మేర సీలును కొంచెం లోపలికో బయటికో జరిపి, అంచు కొత్త చోట ఆనేటట్టు చేయవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు షాఫ్టు ముఖం, ఫ్లైవీలు ముఖం మీద ఇసుక రేణువు కూడా లేకుండా తుడవాలి. ఒక్క రేణువు ఉన్నా చక్రం వంకరగా తిరిగి క్లచ్ అదురుతుంది. పాత లాకు పట్టీలు తీసి కొత్తవి వేయాలి. బోల్టులు ఎదురెదురుగా, ఆ ఇంజను పుస్తకంలో చెప్పిన కొలతకు, టార్కు రెంచితో బిగించాలి. ఫ్లైవీలు నడిబొడ్డున ఉండే చిన్న బేరింగును వేలితో తిప్పి చూడండి. గరగరమంటే ఇప్పుడే మార్చండి. క్లచ్ ప్లేటును డమ్మీ షాఫ్టుతో నడిమధ్యకు తెచ్చి కవరు బిగిస్తే, ట్రాక్టరు రెండు భాగాలు పోట్లాట లేకుండా కలుస్తాయి. బోల్టుల బలంతో లాగి కలపబోకండి. చివరకు క్లచ్ పెడలు ఆట సరిచేసి, చమురు పై గీత దాటకుండా పోసి, బరువు లేకుండా అరగంట నడిపి అడుగు చిల్లు చూడాలి. ఆ చిల్లులో స్ప్లిట్ పిన్ను వేలాడుతుంటే దాన్ని తీసివేయకండి. బురద పట్టి చిల్లు మూసుకుపోకుండా కాపాడేది అదే. చిల్లు మూసుకుంటే చమురు బయటికి కనబడదు. లోపలే నిండి ప్లేటును నానబెడుతుంది.

బాబాయి ట్రాక్టరుకు ఇవన్నీ జరగడానికి రెండు రోజులు పట్టింది. తాడు సీలు అట్టముక్కలా గట్టిపడి, ఒక చోట చిరిగి ఉంది. అప్పటికి పదిరోజుల అదను దాటింది. నారు ముదిరిపోయింది. పక్క రైతు ట్రాక్టరు అద్దెకు తెచ్చి కొంత మడి దమ్ము చేయించాడు. నేను తల దించుకొని, "బాబాయ్, జూన్ లోనే చూసి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు" అన్నాను. ఆయన నవ్వి, "అప్పుడు బండి ఇప్పినోడూ సూళ్లేదు, సెప్పినోడూ సూళ్లేదు, నానూ సూళ్లేదు. ముగ్గురిదీ తప్పే బాబూ" అన్నాడు.

ఈ పనిలో సీలు ఖరీదు తక్కువే. ట్రాక్టరును రెండుగా విడదీసి కలపడానికే అసలు ఖర్చు, అసలు కాలం. కనుక ఏ కారణం చేత క్లచ్ విప్పినా, వెనుక సీలు పొడిగా ఉన్నదో తడిగా ఉన్నదో చూడకుండా మూయనివ్వకండి. తడిగా ఉంటే అప్పుడే మార్పించండి. మార్చే ముందు బ్రీదరు, చమురు మట్టం, షాఫ్టు ఆట చూడండి. కారణం తీయకుండా సీలు మార్చడం, గండి పూడ్చకుండా మడికి నీరు పెట్టడం లాంటిది. ఈ పరీక్షలకు వేసవి మంచి అదను. వానలు పడ్డ తరువాత మెకానిక్కూ దొరకడు, మనకూ తీరిక ఉండదు.

విస్తరణ కార్యకర్తలకు నా మనవి ఒకటే. రైతు యంత్రం బాధ చెప్పినప్పుడు బజారులో నిలబడి జవాబు చెప్పకండి. పైరు తెగులును చూడకుండా మందు చెప్పనట్టే, యంత్రాన్ని కూడా వెళ్లి చూడండి. మనకు తెలియనిది నేర్చుకునే చోట్లు కూడా ఉన్నాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో రైతులకు, కార్యకర్తలకు ట్రాక్టర్ల వాడకం, మరమ్మతు నేర్పుతారు. ఊరికొక యువకుడు నేర్చుకొని వచ్చినా ఆ ఊరి అదను నిలుస్తుంది.

బాబాయి ఇప్పటికీ ఆదివారం సీతమ్మధారకు వంకాయలు తెస్తాడు. నేను కనబడగానే ముందు ధర చెప్పడు. "పిండి సల్లి సూసినాను బాబూ, పొడిగానే ఉంది" అంటాడు.

మీ ట్రాక్టరు కింద కూడా ఒకసారి చూసుకోండి.